ఆస్ట్రోశాట్ దినచర్య

ఒంగోలు పట్టణమునకు తూర్పున, బంగాళాఖాతపు ఒడ్డున కొత్తపట్నము కలదు. ఆ ఒడ్డున నిలిచి దక్షిణ దిశకు చూచినచో, ఇంచుమించు అదే రేఖాంశముపై, సుమారు 190 కిలోమీటర్ల దూరమున శ్రీహరికోట ఉన్నది. 2015 సెప్టెంబరు 28వ తేదీ ఉదయము 10 గంటలకు అచ్చటి నుండి పి.ఎస్.ఎల్.వి.-సి30 అను రాకెట్టు లేచి, ఆరు చిన్న విదేశీ ఉపగ్రహములతో పాటు ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టినది. దాని బరువు సుమారు 1,515 కిలోగ్రాములు. నక్షత్రములను పరిశీలించుటయే పనిగా భారతదేశము నిర్మించిన మొదటి ఆకాశ వేధశాల అది. నాటి నుండి కొత్తపట్నపు ఆకాశమున దక్షిణపు వైపుగా, సుమారు 105 నిమిషములకు ఒకసారి, అది పడమట పొడిచి తూర్పున క్రుంకుచున్నది.

అయితే అది కొత్తపట్నము వారి నడినెత్తిపైకి ఎన్నడును రాదు. దాని కక్ష్య భూమధ్యరేఖకు 6 డిగ్రీలు మాత్రమే వాలియున్నది. అనగా ఉత్తరమున గాని, దక్షిణమున గాని 6 డిగ్రీల అక్షాంశమును దాటి పోదు. కొత్తపట్నము 15½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. ఉపగ్రహపు ఎత్తు 650 కిలోమీటర్లు. ఈ అంకెలకు భూమి వ్యాసార్ధమును చేర్చి లెక్క కట్టినచో, అది ఒకొక్క పర్యాయము క్షితిజము నుండి 4 మొదలు 26 డిగ్రీల వరకు మాత్రమే పైకి లేచునని తేలును. త్రికోణమితి తెలిసిన ఉన్నత పాఠశాల విద్యార్థి ఈ లెక్కను తానే చేసి చూచుకొనవచ్చును.

ఇంత తక్కువ వాలుగల కక్ష్య ఉచితముగా లభించలేదు. శ్రీహరికోట 13¾ డిగ్రీల అక్షాంశమున ఉన్నందున, అచ్చటి నుండి సూటిగా తూర్పునకు విసరిన ఉపగ్రహపు కక్ష్యకు కూడ అంతే వాలు వచ్చును. దానిని 6 డిగ్రీలకు దించవలెనన్న రాకెట్టు మార్గమధ్యమున ప్రక్కకు తిరుగవలెను. అందులకు ఇంధనము అదనముగా ఖర్చగును. ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ ఖర్చుకు సిద్ధపడిరి. కారణము తెలియుటకు కొంత వెనుకటి చరిత్రను చూడవలెను. ఆ చరిత్ర కూడ ఈ ప్రాంతముననే, ప్రత్తి నేలలలో, మొదలు పెట్టుటకు వీలగుచున్నది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు, మచిలీపట్నములను దాటి పోయినది. జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరులో, తన దేశీయుడైన ఒక ప్రత్తి వర్తకుని ఇంట మకాము చేసి, వర్ణపటదర్శినిని అమర్చుకొనెను. సూర్యుని అంచున ఎఱ్ఱని మంటల వలె లేచు జ్వాలలు ఆనాటి వరకు సంపూర్ణ గ్రహణ సమయమున మాత్రమే కనబడుచుండెను. ఆరు నిమిషములకు లోపు ముగియు ఆ దృశ్యమునకై పండితులు సముద్రములు దాటి రావలసి యుండెను; మబ్బు పట్టెనా, అంతయు వృథా. జ్వాలల వర్ణపటమున మెరయు గీతల తీక్షణతను చూచి జాన్సెన్, వీటిని గ్రహణము లేకున్నను చూడవచ్చునని తలంచెను. మరునాటి ఉదయము గుంటూరులోనే ప్రయత్నించి చూచెను కూడ. కొలది వారములకు, ఈ వార్త తెలియకయే, ఇంగ్లండులో లాకియర్ అను శాస్త్రజ్ఞుడు అదే మార్గమును కనుగొనెను. సూర్యుని వర్ణపటములోని ఒక పసుపు గీత ఏ తెలిసిన మూలకమునకును చెందదని తేలి, దానికి హీలియము అను పేరు వచ్చిన కథ విద్యార్థులకు తెలిసినదే.

ఆ విధముగా ఒక అడ్డు తొలగినది. రెండవ అడ్డు వాయుమండలము. అది మనకు కనబడు కాంతిని రానిచ్చును. అతినీలలోహిత కిరణములను చాలవరకు, ఎక్స్-కిరణములను పూర్తిగా ఆపివేయును. జీవులకు ఇది రక్ష. నక్షత్రములలోని మిక్కిలి వేడిగల ప్రదేశములను చూడగోరు వారికి మాత్రము ఇది మూసిన తలుపు. 1962 జూన్ 18న అమెరికాలో జియాకోనీయు, ఆయన సహచరులును ఒక చిన్న రాకెట్టులో ఎక్స్-కిరణములను లెక్కించు పరికరమును పైకి పంపిరి. అది గాలికి పైన ఉన్నది ఆరు నిమిషములు మాత్రమే. అంతలోనే వృశ్చిక రాశి దిక్కున ఒక గొప్ప ఎక్స్-కిరణ మూలము బయటపడినది. గుంటూరు గ్రహణము వలెనే ఇదియు నిమిషముల వ్యవహారమే యైనది.

భారతదేశమున ఈ విద్య హైదరాబాదులో బెలూనులతో ప్రారంభమైనది. టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన శ్రీకంఠన్ మున్నగువారు 1960ల చివరి సంవత్సరములలో ఎక్స్-కిరణ పరికరములను బెలూనులకు కట్టి హైదరాబాదు నుండి ఎగురవేసిరి. ఎంచుకొన్న స్థలమున ఒక విశేషము కలదు. హైదరాబాదు భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖకు సమీపమున ఉన్నది. అచ్చట భూమి అయస్కాంత క్షేత్రము విశ్వకిరణములలో చాలభాగమును ప్రక్కకు నెట్టివేయును. విశ్వకిరణములు పరికరమునకు రణగొణ ధ్వని వంటివి. అవి తగ్గినకొలది నక్షత్రపు సన్నని పలుకు స్పష్టముగా వినబడును. ధ్రువములకు సమీపమున ఉన్న దేశములకు ఈ సౌకర్యము లేదు. బీద దేశపు శాస్త్రజ్ఞులకు భూగోళము ఇచ్చిన దానము ఇది.

ఉపగ్రహములకు ఇదే సూత్రము మరియొక రూపమున వర్తించును. భూమి అయస్కాంత క్షేత్రమున చిక్కుకొన్న ప్రోటానులు, ఎలక్ట్రానులు భూమి చుట్టును వలయములుగా ఉన్నవని 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు వాన్ ఆలెన్ కనుగొనెను. ఈ వలయము బ్రెజిలు దేశము మీదను, దక్షిణ అట్లాంటిక్ సముద్రము మీదను క్రిందికి వంగియున్నది. ఆ భాగము గుండా పోవు ఉపగ్రహముపై కణములు వడగండ్ల వలె కురియును. నక్షత్రము నుండి వచ్చిన ఎక్స్-కిరణమేదో, ఈ కణమేదో పరికరమునకు తెలియదు. హెచ్చు విద్యుత్ పీడనముపై పనిచేయు భాగములు చెడిపోవు భయము కూడ కలదు. అందుచేతనే 1970 డిసెంబరు 12న మొదటి ఎక్స్-కిరణ వేధోపగ్రహమైన ఉహురూను అమెరికావారు తమ దేశము నుండి కాక, ఆఫ్రికాలోని కెన్యా తీరమున సముద్రములో నిలిపిన వేదిక నుండి, 3 డిగ్రీల వాలులో ప్రయోగించిరి. ఆస్ట్రోశాట్‌కు 6 డిగ్రీలు కోరుటలోని ఆంతర్యమును ఇదియే. ఈ వాలున అది కణముల ప్రాంతపు ఉత్తరపు అంచును మాత్రమే తాకిపోవును.

నడుమ జరిగిన ప్రయత్నములను క్లుప్తముగా చెప్పవచ్చును. 1975 ఏప్రిల్ 19న రష్యా రాకెట్టుపై వెళ్లిన ఆర్యభటలో ఎక్స్-కిరణ పరికరము ఉండెను. కాని కొలది దినములకే విద్యుత్ సరఫరాలో లోపము వచ్చి ఆ పరిశీలనలు నిలిచిపోయినవి. 1996 మార్చి 21న శ్రీహరికోట నుండి పోయిన ఐ.ఆర్.ఎస్.-పి3 అను ఉపగ్రహము ప్రధానముగా భూమిని చూచుటకు పంపినదే యైనను, అందు మూడు ఎక్స్-కిరణ గణనయంత్రములకు చోటు దొరకినది. అవి ఇతరుల ఇంట అద్దెకున్నవారి వలె, మిగిలిన సమయమున నక్షత్రములను చూచినవి. అవి చక్కని ఫలితములు ఇచ్చుటతో స్వంత ఇల్లు కట్టవలెనన్న కోరిక బలపడినది. 2004లో ఆస్ట్రోశాట్‌కు అనుమతి లభించినది. నిర్మాణమునకు పదేండ్లకు పైగా పట్టినది.

ఈ ఇంటిలోని పరికరములు ఐదు. 38 సెంటీమీటర్ల అద్దములు గల జంట అతినీలలోహిత దూరదర్శిని ఒకటి. మెత్తని ఎక్స్-కిరణములను బంగారు పూత గల పలుచని రేకులపై జారవిడిచి ఒకచోటికి చేర్చు దూరదర్శిని మరియొకటి. క్జెనాన్ వాయువుతో నిండిన మూడు పెద్ద పెట్టెలు మూడవది. ఎక్స్-కిరణము వచ్చిన క్షణమును సెకండులో లక్షవ వంతు వరకు ఇవి గుర్తించును. కఠినమైన ఎక్స్-కిరణములకు కాడ్మియం-జింక్-టెల్యురైడ్ ఫలకముల పరికరము నాలుగవది. ఈ నాలుగును ఒకే దిక్కునకు చూచును. ఐదవది మాత్రము తిరుగుచు, ఆకాశమున క్రొత్తగా ప్రకాశించినది ఏదైన కలదా అని కాపలా కాయును.

గాలికి పైన చేరినంతనే అడ్డంకులు తీరినవనుకొనుట పొరపాటు. అవి రూపు మార్చుకొని వచ్చినవి. మొదటి అడ్డంకి ఉపగ్రహమునుండియే పుట్టినది. క్రొత్త ఉపగ్రహము శూన్యమున చేరినపుడు దాని రంగుల నుండి, జిగురుల నుండి సూక్ష్మముగా ఆవిరులు వెలువడుచుండును. అవి అద్దముపై పేరుకొన్నచో అతినీలలోహిత కిరణములకు ఆ అద్దము మసిబారినట్లే. కాబట్టి ఆ దూరదర్శిని మూతలను రెండు నెలల పాటు తెరువలేదు; నవంబరు 30న తెరచిరి. కఠిన ఎక్స్-కిరణ పరికరమునకు మూతల బాధ లేనందున అక్టోబరు 6ననే పని ప్రారంభించినది. ఆ మొదటి దినముననే ఒక గామా కిరణ విస్ఫోటము దాని కంట పడినది. అంతటి శుభారంభము ఎవరును ఊహించలేదు.

ఇక దినచర్య. ఆస్ట్రోశాట్ భూమిని 98 నిమిషములకు కొంచెము తక్కువగా ఒకసారి చుట్టివచ్చును. మన ఒక దినమున దానికి పదునాలుగు, పదునైదు సూర్యోదయములు. 650 కిలోమీటర్ల ఎత్తు నుండి చూచిన భూమి ఆకాశమున దాదాపు మూడింట ఒక వంతును కప్పివేయును. కక్ష్యా తలమునకు చేరువనున్న నక్షత్రము ప్రతి ప్రదక్షిణలోను సుమారు 35 నిమిషములు భూమి చాటున పడిపోవును.

సూర్యుని సంగతి వేరు. సూర్యునికి సమీపమున ఉన్న దిక్కునకు దూరదర్శినిని త్రిప్పరాదు. త్రిప్పినచో పరికరములకు హాని. ఉదాహరణకు వృషభ రాశిలోని పీత నీహారికను తీసికొందము. 1054లో ప్రేలిన నక్షత్రపు శేషమది. మన రైతులు మృగశిర కార్తె తొలకరికై ఎదురుచూచు రోజులలో సూర్యుడు సరిగా ఆ దిక్కుననే ఉండును. ఆ వారములలో పీత నీహారికను చూచుటకు వీలులేదు. ప్రయాణించు దిక్కునకు ఎదురుగా చూచుటకు కూడ వీలులేదు. అంత ఎత్తున సైతము చెదురుమదురుగా ఆక్సిజను పరమాణువులు ఉన్నవి; సెకండుకు ఏడున్నర కిలోమీటర్ల వేగమున అవి అద్దమును తాకినచో పూత పాడగును.

అతినీలలోహిత దూరదర్శినికి ఇంకొక నియమము. భూమి నీడలో ఉపగ్రహము ఉన్నపుడే, అనగా ప్రతి ప్రదక్షిణలోను ముప్పది నిమిషములు అటునిటుగా, అది పనిచేయును. చూడదలచిన చోటికి సమీపమున మిక్కిలి ప్రకాశవంతమైన నక్షత్రము ఉండరాదు. ఉన్నచో కాంతి కణములను ఒకొక్కటిగా లెక్కించు దాని సున్నితమైన గ్రాహకము దెబ్బతినును. కనుక ప్రతి లక్ష్యమునకును ముందుగా చుట్టుప్రక్కల నక్షత్రముల పట్టిక వ్రాసి సరిచూచుకొనవలెను.

ఇన్ని నియమములు పోగా మిగిలిన నిమిషములను పంచుట ఎట్లు? శాస్త్రజ్ఞులు తాము చూడగోరు వస్తువును, కావలసిన కాలమును, కారణమును వ్రాసి పంపుదురు. ఒక సంఘము వాటిని పరిశీలించి కాలమును కేటాయించును. కాలువ చివరి భూముల రైతులు నీటి వంతుకై కాచుకొనునట్లే శాస్త్రజ్ఞులును కాచుకొందురు. ఎక్కడనైన ఒక నక్షత్రము అకస్మాత్తుగా ప్రజ్వరిల్లినచో, ముందు వేసికొన్న పట్టికను మార్చి దానికి చోటీయవలెను. ఆ దినము వంతు పోయినవారు నిష్ఠురమాడిన ఆశ్చర్యము లేదు.

పట్టిక సిద్ధమైన పిమ్మట బెంగుళూరులోని కేంద్రము నుండి ఆజ్ఞలు పంపుదురు. ఏ ఆజ్ఞ ఏ క్షణమున అమలు కావలెనో దానితోనే వ్రాసియుండును. ఉపగ్రహములోని చక్రములు ఒకవైపునకు తిరుగగా ఉపగ్రహము రెండవవైపునకు మెల్లగా తిరిగి క్రొత్త లక్ష్యమును చూచును, ఇంధనముతో పనిలేదు. కణముల ప్రాంతము సమీపించినపుడు ఎక్స్-కిరణ పరికరములు హెచ్చు పీడనమును దించుకొని, దాటిన తరువాత మరల మేలుకొనును. ఈ ప్రమాదమును పసికట్టుటకే ఒక చిన్న కణమాపకమును అందు అమర్చిరి.

చేకూరిన సమాచారమును బెంగుళూరు సమీపమున దిగుమతి చేసికొందురు. ప్రయోగమునకు పూర్వము వేసిన అంచనా ప్రకారము అది దినమునకు సుమారు 420 గిగాబిట్లు. కొత్తపట్నము వలెనే బెంగుళూరు కూడ కక్ష్యకు ఉత్తరమున ఉన్నందున, కొన్ని పర్యాయములు ఉపగ్రహము క్షితిజమును అంటిపెట్టుకొని పోవును. బాగుగా అందునవి దినమునకు పది, పదకొండు మాత్రమే. తరువాతి పని నేలపైననే. ఉపగ్రహము ఎంత నిలకడగా ఉన్నను లవలేశము కదలుచునే యుండును. అతినీలలోహిత గ్రాహకము సెకండుకు సుమారు 29 చిత్రములు తీయును. దృశ్యకాంతిలో తీసిన చిత్రములను బట్టి ఆ కదలికను కనిపెట్టి, ఒకొక్క కాంతి కణమును దాని అసలు స్థానమునకు జరిపి, అన్నింటిని ఒకదానిపై ఒకటి పేర్చుదురు. అప్పుడు గాని నక్షత్రము చుక్కగా కనబడదు.

ఈ శ్రమకు ఫలము ఎట్టిదో 2020 ఆగస్టులో లోకమునకు తెలిసినది. పూనాలోని అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ కేంద్రమునకు చెందిన కనక్ సాహా నాయకత్వమున ఒక బృందము, 930 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఉన్న ఒక నక్షత్రమండలము నుండి తీవ్రమైన అతినీలలోహిత కాంతి వచ్చుచున్నదని ప్రకటించెను. 2016 అక్టోబరులో ఆస్ట్రోశాట్ ఆ దిక్కును 28 గంటలకు పైగా చూచినది. ఒక ప్రదక్షిణకు ముప్పది నిమిషములు దొరకినదనుకొన్నను 56 ప్రదక్షిణలు కావలెను. అనగా ఏ ఆటంకము లేకున్నను దాదాపు నాలుగు దినములు. అమెరికావారి హబుల్ దూరదర్శిని అద్దము 2.4 మీటర్లు. విస్తీర్ణమున మన అద్దము దానిలో నలుబదవ వంతు కన్న కొంచెము తక్కువ. అయినను ఆ కాంతి హబుల్‌కు చిక్కలేదు. మన గ్రాహకమున స్వంత రణగొణ బహు స్వల్పము. కాంతి కణము రానపుడు అది ఊరకుండ నేర్చినది. పెద్ద అద్దము ఒక్కటియే దూరదర్శిని గొప్పతనము కాదని ఉపాధ్యాయులు తరగతిలో చెప్పుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము అరుదు.

పైన చెప్పిన పీత నీహారిక నడుమ సెకండుకు ముప్పదిసార్లు తిరుగు న్యూట్రాన్ నక్షత్రము కలదు. దాని కఠిన ఎక్స్-కిరణముల ధ్రువణమును ఆస్ట్రోశాట్ పలుమార్లు, మృగశిర కార్తె వంటి దినములను విడిచి, కొలిచినది. వెలుగు తుళ్లింతలకు నడుమ, ఏమియు జరుగనట్లు తోచు వ్యవధిలోనే ధ్రువణము మిక్కిలిగా మారుచున్నదని 2017 నవంబరులో ప్రకటించిరి. అచ్చట స్థిరముగా ఉండునని తలంచిన పండితులకు ఇది ఇంకను ఆలోచింపదగిన విషయము.

నష్టములు లేకపోలేదు. మూడు వాయు పెట్టెలలో ఒకదాని నుండి వాయువు కారిపోయినది. 2018లో దానిని ఆపివేసిరి. అదే సంవత్సరము జంట దూరదర్శినిలో ఒక అతినీలలోహిత మార్గము మూగవోయినది. అంత ఎత్తునకు పోయి బాగుచేయువారు లేరు. ఐదేండ్లు పనిచేసిన చాలునని నిర్మించిన ఆస్ట్రోశాట్ మిగిలిన పరికరములతో 2025 సెప్టెంబరునకు పదేండ్లు పూర్తిచేసినది.

భూమి చాటున పడుట గురించి ఒక సంఘటన చెప్పవలసియున్నది. 2017 ఆగస్టు 17న, మన కాలమానము ప్రకారము సాయంత్రము 6 గంటల 11 నిమిషములకు, రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఢీకొనుట వలన పుట్టిన గురుత్వ తరంగములు భూమిని తాకినవి. రెండు సెకండులలోపే గామా కిరణ విస్ఫోటమును అమెరికా, ఐరోపా ఉపగ్రహములు చూచినవి. ఆస్ట్రోశాట్ సమాచారమున మాత్రము ఏమియు లేదు. మొదటి దినముననే విస్ఫోటమును పట్టిన పరికరము, దశాబ్దములుగా ఎదురుచూచిన విస్ఫోటమును పట్టలేకపోయినది! లెక్కలు చూడగా, ఆ క్షణమున ఉపగ్రహమునకును ఆ మూలమునకును నడుమ భూమి అడ్డుగా ఉండెనని తేలినది. అయితే, పరికరము చక్కగా పనిచేయుచున్నను చూడలేదనగా, మూలము భూమి కప్పిన ఆకాశ భాగముననే ఉండవలెను గదా. వెదకవలసిన ప్రదేశమును కుదించుటకు ఆ చూడకపోవుట కూడ పనికివచ్చినది. తరంగములు తాకిన సుమారు పదకొండు గంటలకు చిలీ దేశములోని ఒక దూరదర్శిని, 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఉన్న ఎన్.జి.సి. 4993 అను నక్షత్రమండలమున ఆ క్రొత్త వెలుగును కనుగొన్నది.